అత్తరు వాసన వెనక బెంచీకి చేరిన రోజు

మొన్న మనవరాలు అమీర్‌పేట బజారు నుంచి వేలెడంత అత్తరు సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అది మూత తీయకముందే నేను పంజగుట్టలోని మా బడికి వెళ్లిపోయాను.

నలభైల నాటి మాట. బడి అంటే ఒక పాత పెంకుటిల్లు. బతుకమ్మ పండుగ వెళ్లిన కొత్తల్లో మేం ఇరవైమంది ఆడపిల్లలం, వేళ్లకింకా తంగేడు పసుపు అంటుకునే ఉండగా, మిగిలిన రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు గుడ్డలో మూటగట్టుకుని, గుట్ట మీద కోసిన సీతాఫలాలు తింటూ, గింజలు ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారో దారి పొడవునా పందేలు వేసుకుంటూ, అమీర్‌పేట నుంచి మట్టిబాటన నడిచి వెళ్లేవాళ్లం.

కెమిస్ట్రీ చెప్పే శాంత టీచరు కొత్తగా వచ్చింది. రేగిన జడ కనిపిస్తే తిట్టకుండా తనే దువ్వేది, అందుకే ఆమె అంటే మాకు ప్రాణం. బడుల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని, ఆయనకు పాఠం నచ్చితేనే ఆమె ఉద్యోగం నిలుస్తుందని తెలిసి మాలో కొందరం ఏడ్చాం కూడా.

ఆయన వచ్చి కూర్చున్న రోజు పాఠం వాయువులు. వాయువు ఒకచోట కుదురుగా ఉండదని, మెల్లమెల్లగా గదంతా పరుచుకుంటుందని చెప్పి, కిటికీలు మూయించి, టీచరు బల్ల మీద అత్తరు సీసా పెట్టింది.

"వాసన ముక్కుకు తగిలినోళ్లే చెయ్యెత్తుండ్రి," అంది.

మూత తీసిందో లేదో, చేతులన్నీ ఒక్కసారే లేచాయి. టీచరమ్మను గెలిపించాలని అందరికీ ఆరాటం. ముందు వరుస నుంచి వెనక వరుసకు నడిచి రావలసిన వాసన ఒక్క గంతులో వచ్చేసినట్టయింది. టీచరు ముఖం పాలిపోయింది. లేవని చెయ్యి చివరి బెంచీలో నాదొక్కటే. నాకు ముందు బెంచీ పిల్ల తలకున్న కొబ్బరినూనె తప్ప ఏ వాసనా రాలేదు. అబద్ధమాడాలంటే భయం, ఆడకపోతే టీచరు వెళ్లిపోతుందేమోనని అంతకన్నా భయం.

పక్కనున్న యాదమ్మ గిల్లింది. "ఎత్తవే! టీచరమ్మ కొలువు పోతదే!"

ఇన్‌స్పెక్టరు నా దగ్గరికి వచ్చాడు. "నీకేమైంది? జలుబా?"

"లేదు సార్. నాకింకా రాలే," అన్నాను.

"అయితే జర ఆగుదాం," అని ఆయన నా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు.

అలా ఎంతసేపు కూర్చున్నామో, గులాబీ వాసన సన్నగా వచ్చి నా ముక్కుకు తగిలింది. "వచ్చింది సార్!" అని చెయ్యెత్తాను. "నాకు సుత గిప్పుడే వచ్చింది," అని నవ్వుతూ ఆయన కూడా చిన్నపిల్లాడిలా చెయ్యెత్తాడు. టీచరు ఉద్యోగం నిలిచింది. సాయంత్రం నా జడ అల్లుతూ, "నా పాఠం నువ్వే నిలబెట్టినవ్ బిడ్డా," అంది.

ఇప్పుడా బడీ లేదు, సీతాఫలాల గుట్టా లేదు. నిరుడు జ్వరం వచ్చి తగ్గాక నా ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి జంకుగా ఉంది.

మనవరాలు సీసా మూత తీసింది. "వచ్చిందా అమ్మమ్మా?" అని ఆశగా చూసింది. దాని సంతోషం కోసం నా చెయ్యి సగం లేచింది. మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను.

"నాకింకా రాలే బిడ్డా," అన్నాను.

అది సీసాను అలాగే తెరిచి ఉంచి, వచ్చి నా పక్కన కూర్చుంది.