డైరీకెక్కని పొడుగాయన

ఆ స్టేషన్‌లో రైటర్‌ది ముప్పై మూడేళ్ళ సర్వీసు. ఫిర్యాదులు, వాంగ్మూలాలు, ఎవరు ఏ డ్యూటీకి ఎప్పుడు వెళ్ళారో చెప్పే డైరీ, అన్నీ ఆయన చేతిమీదే నడుస్తాయి. వచ్చే నెల రిటైర్మెంటు.

పోలీసు సంస్మరణ దినాన్ని ఈ ఏటినుంచి ప్రతి స్టేషన్‌లోనూ జరిపి, డ్యూటీలో చనిపోయినవాళ్ళ పేర్లు చదవాలని పై ఆఫీసు నిర్ణయించి, పేర్లు పంపమంది. రైటర్ పంపిన ఒకే ఒక్క పేరు మూడోసారి తిరిగొచ్చింది. డైరీ ఎంట్రీ నంబరు లేదట.

“పోయినవాడి నంబరు నేనెక్కణ్ణించి తెచ్చేది!” అని ఫైలు బల్లమీద పడేశాడు.

ఆ పేరు స్టేషన్‌లో అంతా పొడుగాయన అని పిలిచే మనిషిది. మూడేళ్ళ కిందట వానకు రోడ్డుకడ్డంగా చెట్టు పడిందని ఫోనొస్తే, ఆ కానిస్టేబుల్ రెయిన్‌కోటు తగిలించుకుని పరుగెత్తాడు. బళ్ళను ఆపుతుండగా వ్యాను గుద్దింది. మనిషి బయల్దేరేటప్పుడే డైరీలో రాయాలి. రైటర్ మాత్రం తిరిగొచ్చాక వెళ్ళిందీ వచ్చిందీ కలిపి ఒకేసారి రాసేవాడు. పొడుగాయన తిరిగి రాలేదు.

మధ్యాహ్నం పొడుగాయన భార్య వచ్చింది. బడిలో ఆయా.

“ఈసారేం కొర్రీ పెట్టారు అన్నయ్యా?”

“అదే. డ్యూటీలో ఉన్నట్టు రుజువు లేదంట.”

“మరి యూనిఫాం వేసుకుని వానలో నడిరోడ్డుమీద ఏం చేస్తున్నాడంట? షికారా?”

“నామీద అరిస్తే ఏం లాభమమ్మా? పైవాళ్ళకు బుర్రలేదు.”

“మీ నాన్న పేరు ఎప్పుడు చదువుతారని బడిలో పిల్లనడుగుతున్నారు. నంబరు దొరకలేదని చెప్పమంటావా?”

గదిలోంచి ఎస్సై విసుక్కున్నాడు. “ఆ రోజు పేజీలో ఎక్కడో ఒకచోట ఇరికించవయ్యా, గోల వదిలిపోతుంది.”

రైటర్ పాత డైరీ దించి ఆ పేజీ తీశాడు. రెండు ఎంట్రీల మధ్య పెన్ను దూరేంత సందు లేదు. ఎప్పుడూ వదలడు. డైరీ మూసి తెల్లకాగితం తీసుకున్నాడు. రాసింది ఎస్సైకి చూపించాడు.

“ఇది పంపితే నీకు మెమో ఇస్తారు. పోయేముందు ఎందుకయ్యా నీకీ తద్దినం?”

“ఇవ్వనీండి సార్. మూడుసార్లు వాళ్ళను తిట్టి నోరు నొప్పెట్టింది.”

ఎస్సై సంతకం గీకేశాడు. రైటర్ కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆ రోజు పొడుగాయనను పంపింది తానేననీ, ఆయన వెళ్ళింది డ్యూటీకేననీ, ఎంట్రీ రాయని తప్పు తనదేననీ ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది.

“ఈ నాలుగు ముక్కలకి మూడేళ్ళా అన్నయ్యా?”

రైటర్ కాగితం వెనక్కి తీసుకుని ఫైల్లో పెట్టాడు.

“ఇంకో కాపీ రాసి నాకివ్వు. మీవాళ్ళు దీన్నీ పారేస్తారు,” అని బెంచీమీద కూర్చుంది.

ఆయన మరో కాగితం తీసుకుని మొదటినుంచి రాయసాగాడు.