దెర్బాల్ దాచిన వెన్న

ఐర్లండులో ఇనుప కొడవలి ఇంకా వింతగా ఉన్న రోజులవి. ఊబినేల అంచున కాపురముండే దెర్బాల్ తెల్లారకముందే ఆవుల పాలు పితికేది, తిరగలిలో బార్లీ విసిరేది, నడుస్తూనే ఉన్ని వడికేది. నోటికి మాత్రం ఎప్పుడూ విశ్రాంతి ఇచ్చేది కాదు. ఆ నోట ఎక్కువగా వినిపించేది తన వెన్న గొప్పే.

వేసవి చివర ఆవులు వట్టిపోకముందే వెన్న తీసి, కర్రతొట్టెలో కూరి, చెడిపోకుండా చల్లటి ఊబిలో పాతిపెట్టేవారు ఆడవాళ్లు. వసంతంలో మందను కొండకు తోలేనాటి విందుకు తవ్వి తీసేవారు. ఎవరి వెన్న బాగుంటే ఆ ఏడంతా వారిదే పెద్దరికం. పన్నెండేళ్లుగా అది దెర్బాల్‌దే.

"ఎక్కడ పాతావో నాకూ చూపించొచ్చుగా అత్తా," అని కోడలు లసార్ అడిగింది ఆ ఏడు.

"చిలకడమే సరిగ్గా రాలేదు, అప్పుడే గుట్టు కావాలా నీకు? గుర్తు పెట్టుకున్నాలే."

విందుకు ముందురోజు పొద్దున్నే కర్రపార పట్టుకుని వెళ్లిన దెర్బాల్, మధ్యాహ్నానికి మోకాళ్లదాకా బురదతో, ఉత్తచేతులతో వచ్చి పొయ్యి ముందు కూలబడింది.

"ఇంతకీ ఏం గుర్తు పెట్టుకున్నావత్తా?"

"మనం కోసి ఎండబెట్టిన ఊబిమట్టి గడ్డల కుప్ప. దానికి ఎడమపక్క మూడడుగులు."

లసార్ పొయ్యిలోకి చూసింది. ఎండితే కట్టెలా మండే ఆ మట్టికుప్పలోని చివరి గడ్డ ఎర్రగా కాలుతోంది. చలికాలమంతా దాన్ని గంపలకెత్తి తెచ్చి తగలేసింది ఆ ఇంటివాళ్లే. ఎక్కువ గంపలు మోసింది దెర్బాలే.

"అయితే గుర్తుతోనే చలి కాచుకున్నామన్నమాట."

దెర్బాల్‌కు నవ్వు రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రేపు పొరుగింటి రోనాత్ నా మొహం మీదే నవ్వుతుందే. ఇన్నేళ్ల పరువు బురదపాలైంది."

లసార్ పొయ్యిలో గడ్డను ఎగదోసి, "నేనూ ఒక తొట్టె దాచాను. పెద్దబండ పక్కన. బండనైతే పొయ్యిలో పెట్టలేం కదా," అంది.

"దొంగముండా, ఎప్పుడు చిలికావే?"

"నువ్వు నీ వెన్న గొప్ప చెప్పుకోడానికి ఇల్లిల్లూ తిరిగినప్పుడల్లా."

మర్నాడు విందులో, పన్నెండేళ్లుగా ఓడిపోతున్న రోనాత్, లసార్ తొట్టెలోని వెన్న రొట్టె మీద రాసుకుని తిన్నది. "ఈసారీ నీదే దెర్బాల్. అసలు ఈసారి మరీ బాగుంది," అంది అయిష్టంగానే.

తలూపితే చాలు. లసార్ కూడా ఊరుకోమని కళ్లతో సైగ చేసింది. కానీ ఆ 'మరీ' అన్న మాట దెర్బాల్‌కు ముల్లులా గుచ్చుకుంది.

"నాది కాదు, మా కోడలిది," అంది చివరకు. "నాది ఊబి మింగేసింది." పొయ్యి సంగతితో సహా అంతా చెప్పేసింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, అందరికంటే ఎక్కువగా రోనాత్.

ఆ వేసవి చివర తొట్టె మోసుకుంటూ దెర్బాల్ కోడలి వెనకాలే నడిచింది. లసార్ గుంత తవ్వుతుంటే చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఈ చోటు ఎవరికీ చెప్పవు కదే?"

"నీకు తప్ప ఎవరికీ చెప్పనత్తా."