కట్ట మీద మిరపకాయలు

స్వచ్ఛంద పదవీ విరమణకు మూడేళ్ల ముందు, నవంబరులో, నన్ను జనగామ నుంచి గంగారం అడవి అంచున ఉన్న చిన్న రైలు లైను పునర్నిర్మాణానికి బదిలీ చేశారు. హోదా సీనియర్ సెక్షన్ ఇంజనీరు; పట్టాలు, స్లీపర్లు, కంకర నా బాధ్యత. ఒకప్పుడు కలప మోసిన న్యారోగేజి అది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. కలప తగ్గాక లైను మూతపడింది. పర్యాటకులు వస్తారని పైవారికి తోచడంతో మళ్లీ వేశాం.

మార్చిలో చీఫ్ ఇంజనీరు నన్ను వెంటబెట్టుకుని మోటారు ట్రాలీపై తనిఖీకి బయలుదేరారు. పట్టాలపై నడిచే, కప్పులేని చిన్న బండి అది. అధికారుల గాంభీర్యానికి అంతగా పనికిరాదు. ముందురాత్రి అకాలవర్షం పడింది. మలుపు తిరగగానే పట్టాలకు అడ్డంగా, రెండు కర్రలకు కట్టిన ఎర్రచీర కనిపించింది. డ్రైవరు బ్రేకు వేశాడు. చీర వెనుక పట్టాలను కప్పేస్తూ రైలు కట్ట పొడవునా ఎండబోసిన మిరపకాయలు.

కట్టింది పక్కనే నిలబడ్డ లచ్చమ్మ అనే రైతు. ఆమె చేను కట్ట కిందే ఉంది.

“ఎందుకక్కా అడ్డం కట్టినవ్?” అన్నాను.

“మీ పోరగాళ్లు ఎర్రగుడ్డ కడితే మీ బండ్లు ఆగుతయి గద సారూ. చేన్ల మోకాలు బంటి నీళ్లున్నయి. కాయ తడిసింది. గీ పొద్దు ఎండకుంటే తెల్లబడుతది, మార్కెట్ల ఎవడు ముట్టడు. యేడాది కష్టం.”

“ఇది రైల్వే లైనమ్మా,” అన్నారు చీఫ్.

“నిన్నమొన్న వేసిండ్రు. మా అత్త కాలం నుంచి గిది మా కల్లం. జర ఆగుండ్రి. మీ పట్టాలు రేపు గూడ ఉంటయి.”

చీఫ్ నావైపు చూశారు. ఎర్రగుడ్డ ఎవరు కట్టినా బండి ఆగాలి, కట్టినవారే విప్పాలి అని మనవి చేశాను. శిక్షణ కేంద్రంలో ఆ పాఠం మాకు చెప్పింది ఆయనే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆయన ట్రాలీ దిగారు.

టేకుచెట్ల నీడన కూర్చున్నాం. గాలి మావైపు తిరిగింది. తుమ్ములు హోదా పాటించాయి. ముందు చీఫ్‌కే వచ్చాయి.

“మంచి ఘాటున్న కాయ సారూ,” అంది లచ్చమ్మ, గర్వంగా.

మధ్యాహ్నం దాటాక కాయ ఎండి గలగలమంది. తొందరగా కదలాలంటే మేమూ సంచులు పట్టుకోవలసిందేనని ఆమె తేల్చింది. ట్రాలీతో వచ్చిన ట్రాక్‌మెన్‌తోపాటు నేనూ పట్టాను. చీఫ్ దూరం నుంచి పర్యవేక్షించారు. చివరి సంచి మూతి కట్టాక ఆమె చీర విప్పుకుంది. మర్నాడు సరుకు మహబూబాబాద్ మార్కెట్‌కు పొడిగానే చేరింది.

లైను పనుల సవరించిన ఖర్చు అంచనాలో కట్ట పక్కన ఒక సిమెంటు కల్లం చేర్చాను. సామగ్రి నిల్వ వేదిక అని పేరు రాస్తే మంజూరైంది.

నేర్చుకున్నది ఇదీ. మూతపడిన లైను ఖాళీగా ఉందని రాసేముందు కోతల కాలంలో ఒకసారి వెళ్లి చూడాలి. మా సర్వే బృందం ఆగస్టులో కొలిచింది. ఆగస్టులో ఎవరూ మిరపకాయలు ఎండబెట్టరు.