మామగారి కార్డు, అత్తగారి సంచి

ఈ రోజు సింగపూర్ గడియారాల కొట్లో మా అత్తగారు సెక్యూరిటీ మనిషి మూతి పగలగొట్టారు.

మామగారు తన క్రెడిట్ కార్డు మా చేతికిచ్చి బయట కాఫీకి ఆగారు. కార్డు మీద మగపేరు చూసి, అదెవరని కౌంటర్ అమ్మాయి తమిళంలో అడిగింది. తమిళనాట మా ఊరు సూలూరులో మా తెలుగిళ్ళ ఆడవాళ్ళు మొగుడి పేరు, మామ పేరు నోట పలకరు. అత్తగారు "మా ఇంట్లోవాళ్ళది" అని ఊరుకున్నారు. నేను చెప్పబోతే నా కాలు మడమతో తొక్కారు. దొంగ కార్డనుకుని సెక్యూరిటీ మనిషి అత్తగారి చెయ్యి మెలిపెట్టాడు. గాజులు పగిలి రక్తం కారింది. ఆవిడ స్టీలు సీసా ఉన్న చేతిసంచి గిర్రున తిప్పి కొట్టారు.

గోల విని మామగారు పరుగెత్తుకొచ్చారు. "నా పెళ్ళాంప్పా, వదులు."

"మొగుడివైతే ఆమె పేరు చెప్పు," అన్నాడతను పెదవి తుడుచుకుంటూ.

పెళ్ళైన నాటి నుంచి "ఏమే" అని తప్ప పిలవని మామగారు తల గోక్కున్నారు. "ఉండు, చెప్తా."

"మీ పేరు నోట రానీకుండా నేను రక్తం కారుస్తా ఉంటే, నా పేరుకు ఉండమంటిరా?" అన్నారు అత్తగారు. సంచి మళ్ళీ తిరిగింది.

మీ ఇళ్ళలోనూ మగవాళ్ళను పెళ్ళాం పేరు అడిగి చూసి, ఏం జరిగిందో రాయండి. సీసా మాత్రం ముందే తీసి పక్కన పెట్టండి.