చెయ్యి లేపితే ఆపమని

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాట) ఇంజనీరింగ్ రెండో ఏడుకు వచ్చినవాళ్ళకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. అందులోనూ చప్పుడు సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకునేదాన్ని. పుట్టి పెరిగింది పవర్‌లూమ్ షెడ్డు పక్కన మరి! అందుకే మా కాలేజీలో రోబోల పోటీ పెట్టినప్పుడు, పాటల మోత హద్దు దాటకుండా చూసే పని మెకానికల్ సారు నాకు అప్పగించి, చేతిలో ఒక మీటరు పెట్టారు. ముల్లు ఎర్రగీత తాకిందంటే తగ్గించమనాలి. (మా షెడ్డులో పెడితే ఆ ముల్లు విరిగి పడేది.)

ఫైనల్లో రోబోను నడిపేది నా దోస్తు. బల్ల మధ్యలో అడ్డుగోడ ఉంటుంది, అవతల ఏముందో ఆమెకు కనబడదు. అటువైపు నిలబడ్డ జోడీ అమ్మాయి కుడి, ఎడమ, ఆగు అని చెబుతుంటే విని నడపాలి. వినబడలేదా, ఆరు నెలల కష్టం బల్ల మీంచి నేల మీదికే. పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని, "సౌండ్ జర నువ్వే చూస్కోవాలెనే, నీ మీదనే ఉన్న" అంది. ఫికర్ చెయ్యకని పెద్ద పోజు కొట్టాను.

పోటీ చూడటానికి బాపు (మా నాన్న) కూడా వచ్చాడు. ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య ఉండి చెవులు పోగొట్టుకున్న మనిషి, మాట్లాడితే వాడంతా వినబడుతుంది. నలుగురిలో పరువు పోతుందని ఆయన్ని అందరికంటే వెనక, తలుపు పక్క స్విచ్‌బోర్డు కింది కుర్చీలో కూర్చోబెట్టాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఆట మొదలైంది. మట్టెవాడ నుంచి వచ్చిన సౌండ్ అన్నకు పిల్లల కేకలు వింటే ఊపొచ్చింది, పాట పెంచాడు. ముల్లు ఎర్రగీత దాటింది. ఆయన హాలుకు ఆ మూల, నేను ఈ మూల, మధ్యలో జనం. అరిస్తే నా గొంతు నాకే వినబడలేదు. కంగారులో ఇంటి అలవాటు బయటపడి చెయ్యి పైకి లేపాను. మా షెడ్డులో మాటలు పనికిరావు, అన్నీ సైగలే. చెయ్యి లేపితే మగ్గం ఆపమని. పాపం సౌండ్ అన్నకేం తెలుసు? ఇంకా పెంచమంటున్నాననుకుని, నవ్వుతూ పెంచాడు. నేను రెండు చేతులూ లేపాను. ఆయన సంబరంగా ఉన్నదంతా తిప్పేశాడు.

అక్కడ రోబో గోడ దాటి అంచు వైపు పోతోంది. జోడీ అమ్మాయి మెడ నరాలు ఉబ్బేలా అరుస్తోంది. నా దోస్తు వినబడక అటూ ఇటూ చూస్తోంది. ముందు చక్రం అంచు మీదికి వచ్చేసింది. నా వల్లే పోయిందని నాకు ఏడుపొచ్చింది.

ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. నిశ్శబ్దంలో జోడీ అమ్మాయి "ఆగవే" అన్న కేక ఒక్కటే మిగిలింది. రోబో ఆగింది. అందరూ వెనక్కి తిరిగారు. తలుపు పక్క, బోర్డులోంచి పీకిన సౌండ్ బాక్సుల ప్లగ్గు చేతిలో పట్టుకుని బాపు నిలబడి ఉన్నాడు.

సౌండ్ అంత ఎక్కువైందా అని రెఫరీ ఆయన్ని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. బాపు హాలంతా మోగేలా జవాబు చెప్పాడు.

"సౌండ్ ఎంతున్నదో నాకు తెల్వది సార్. నా బిడ్డ చెయ్యి లేపింది, ఆపిన."

మావాళ్ళకు రెండో బహుమతి వచ్చింది. ఆ తర్వాత బాపును తీసుకొచ్చి ముందు వరుసలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అదేంది, ఇదేంది అని ఆయన గట్టిగా అడుగుతూనే ఉన్నాడు, నేనూ అంతే గట్టిగా చెబుతూ పోయాను. ఎవరైనా నవ్వారేమో, చూడలేదు. ఆ ఏడాది మొత్తంలో, అన్నీ తెలుసనుకున్న అప్పటి నేను చేసిన తెలివైన పని అదొక్కటే.