మా డాబా మీద తాండ్ర దొంగ

తిరువూరు మొత్తం మీద దొంగను పట్టగల బుర్ర నా ఒక్కడిదే. పోయిన వేసవిలో మా డాబా మీద ఎండబెట్టిన మామిడి తాండ్ర రోజూ ఒక మూల తరిగిపోతుంటే, మా వీధి మేధావులంతా నేరం పనిమనిషి మరియమ్మ మీదికి తోశారు. మా ఆవిడ ఆమెను మాన్పించేస్తానంది. నేను చాప చుట్టూ ముగ్గుపిండి చల్లి, అడుగుల జాడ తీసి, దొంగ కోతి అని తేల్చాను.

నిజానికి జాడా లేదు, పాడూ లేదు. పిండి డబ్బాతో పైకెక్కేసరికి కోతి చాప మీదే కూర్చుని తింటోంది. అయినా మరియమ్మ పని నిలబెట్టానని వీధంతా చెప్పుకున్నాను.

అది విని మా ఆవిడ, "కోతి వచ్చింది ఆ ఒక్కరోజేనండీ. అంతకుముందు చాకుతో తిన్నగా కోసిందెవరు? మీ చొక్కా జేబు నిండా తాండ్రే. మరియమ్మకి నేను సర్దిచెప్పుకుంటాగానీ, మీరు ముందు షుగరు మాత్ర వేసుకోండి" అంది.