గోడ మీది అవ్వ మాయమైన సంగతి

మనిషికి యవ్వనం ఒక్కసారే వస్తుందని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండువేల సంవత్సరం దాటిన ఆ కాలంలో నాకు రెండోసారి వచ్చింది. నలభై నిండాయి, పనిచేసే నూనెమిల్లు మూతపడింది, వనపర్తిలో ఒక పాత వీడియో కెమెరా కొని భుజానికెత్తుకున్నాను. నేర్పినవాడు లేడు. బడి నన్ను అయిదో తరగతిలోనే వదిలించుకుంది కనుక, కెమెరాతో వచ్చిన పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. (రాతలు జపాను వాళ్లవి. అవి చదివే మొనగాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.) ఆత్మకూరు నుంచి అచ్చంపేట దాకా ఎవరింట పెళ్లయినా "వీడియోకాకను పిలువుండ్రి" అనేవారు. ఆ పేరంతా నా సన్‌గన్ లైటుది. చేత్తో పట్టుకునే ఆ పెద్ద లైటును ముఖం దగ్గరికి తెచ్చి, కెమెరా కన్ను పూర్తిగా తెరిచానంటే, ఎంత నల్లపిల్లయినా క్యాసెట్‌లోకి గోధుమపిండిలా దిగేది. దిగకపోతే పెళ్లికూతురి తండ్రి తగవుకొచ్చేవాడు. "ఏందయ్యా, మా పిల్లను గిట్ల దీసినవ్?" అని నన్నడిగేవాడే గానీ, పిల్ల పోలిక ఎవరిదో అద్దంలో చూసుకునేవాడు కాదు.

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక డైరెక్టరమ్మ నా దుకాణం మెట్లెక్కింది. మన దగ్గరికి చదువుకు వచ్చిన ఆఫ్రికా దేశాల పిల్లల్లో బొమ్మలు గీసేవాళ్లు, ఇంకా పేరు రానివాళ్లు, ఎట్లా బతుకుతున్నారో, ఏం గీస్తున్నారో ఆమె డాక్యుమెంటరీ తీస్తోందట. వెంట తెచ్చుకున్న కెమెరామన్ వాంతులై దవాఖానలో పడ్డాడు. "పెళ్లిళ్లు తీస్తారట కదా, ఇది తీయగలరా?" అని అనుమానంగా అడిగింది. "పెళ్లిల ఊరంతటిని దీస్త మేడం. ఈడ ఒక్క పిల్లనే గద!" అన్నాను. నా ధీమాను ఇప్పుడు తలుచుకుంటే, ఆ కెమెరామన్ పక్క మంచం మీద నన్నూ పడుకోబెట్టాల్సిందనిపిస్తుంది.

ఆ ఒక్క పిల్ల నైజీరియా పిల్ల. హైదరాబాదులో బొమ్మల చదువు చదువుతూ, ఆటోవాళ్లతో పోట్లాడి పోట్లాడి మన మాట నేర్చుకుంది. గద్వాలలో మగ్గం నేసే ఒక అవ్వ ఇంట్లో దిగి, వీధివైపు గోడ నిండా బొగ్గుతో, జాజు ఎర్రమట్టితో ఆ అవ్వనే మగ్గం మీద కూర్చున్నట్టు గీస్తోంది. వీధి పిల్లలు బొమ్మలమ్మ అని పిలిస్తే పలికేది. అవ్వ మనవడి పెళ్లి దగ్గరికొచ్చింది. "ఎట్లన్న సున్నం గొట్టే గోడనే గద, ఏం గీసుకుంటవో గీసుకో" అని అవ్వ కొడుకు ఒప్పుకున్నాడట. నేను వెళ్లిన మర్నాడే సున్నం. ఇక హైదరాబాదులో బొమ్మల ప్రదర్శనలు పెట్టే ఒక పెద్దమనిషి, ఈ గోడబొమ్మ వీడియో చూపిస్తే, నచ్చితే, ఆ పిల్లకు ఒక ప్రదర్శన ఇస్తానన్నాడు. ఆమెకు అదే మొదటిది. గోడను బస్సులో వేసుకుని పోలేరు కదా! అంతా నా క్యాసెట్ మీదే ఉంది.

నేను తక్కువ చేయలేదు. సన్‌గన్ దగ్గరికి తెచ్చాను, కెమెరా కన్ను బార్లా తెరిచాను, బొమ్మలమ్మను నా చేతనైనంత అందంగా తీశాను. పొద్దుగూకే వేళకు అవ్వ ఇంట్లోని టీవీకి వైరు తగిలించి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. "చూడుండ్రి, ఎట్లొచ్చిందో!"

బొమ్మలమ్మ టీవీ దగ్గరికి జరిగి చూసింది. "కాకా, గీమె ఎవరు?"

"నువ్వే గద బిడ్డా!"

"నేనా? మా అమ్మ చూస్తే, నువ్వెవరమ్మా అని తలుపు పెట్టుకుంటది."

డైరెక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఆమె సంగతి తర్వాత. బొమ్మ ఏదండీ?"

అప్పుడు చూశాను. గోడ పాలపొంగులా తెల్లగా మెరుస్తోంది. అవ్వ లేదు. మగ్గం లేదు. నా వెలుతురులో గీతలన్నీ కరిగిపోయాయి. వెనక నుంచి అవ్వ గొంతు లేచింది. "ఓరి నీ ఇల్లు సల్లగుండ! సున్నమోడు రేపొస్తడంటే నువ్వు ఇయ్యాల్నే కొట్టినవ్ గదరా!"

ఇల్లంతా నవ్వింది. బొమ్మలమ్మ కూడా నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపి, బయటికి పోయి చీకటి పడుతున్న గోడ ముందు నిలబడింది. నాకు రోషం వచ్చింది. వెంటే వెళ్లి, "మా దిక్కు గిట్లనే దీస్తం బిడ్డా. నల్లగ దీస్తే తిడ్తరు" అన్నాను.

"నేను నల్లగనే ఉన్న కాకా. తిట్టను. పొద్దుగాల మళ్ల తియ్యి."

తెల్లారేసరికి సున్నం మనిషి బకెట్టూ కుంచే పట్టుకుని హాజరు. అవ్వ కుర్చీ ఈడ్చుకొచ్చి అతనికి అడ్డంగా కూర్చుంది. కొడుకు నెత్తి పట్టుకున్నాడు. "పొద్దుగాల్నే ఏం లొల్లే అమ్మా! చుట్టాలొచ్చే యాళ్లయితుంది."

"రానియ్యి. వాళ్లు నిన్ను జూడొస్తుండ్రా, గోడను జూడొస్తుండ్రా? ముందుగాల నన్ను సరిగ దియ్యనియ్యి, ఎన్క పుయ్యుండ్రి."

డైరెక్టరమ్మ నా సన్‌గన్‌ను తీసుకెళ్లి లోపల బియ్యం బస్తా మీద పెట్టేసింది. ఒక తెల్లపంచె విప్పి, ఒక కొస కొడుకు చేతికీ, ఇంకో కొస సున్నం మనిషి చేతికీ ఇచ్చింది. ఎండ దాని మీద పడి, మెత్తబడి, పిల్ల ముఖం మీదికి మళ్లింది. (సున్నం మనిషి "నాకు కూలి దేనికిస్తరు, దీనికా, దానికా?" అని చివరిదాకా గొణుగుతూనే ఉన్నాడు.) "గోడను చూడకు కాకా, నా చెంప మీద ఎండను చూడు. అది ఎట్లుందో గట్లనే రానియ్యి" అంది బొమ్మలమ్మ. చూశాను. కొత్తగా దున్నిన తడి రేగడి మీద పొద్దు పొడిచినట్టుంది. ఇన్ని పెళ్లిళ్లలో ఇన్ని ముఖాలకు లైటు కొట్టాను గానీ, ఒక్కటీ చూడలేదన్నమాట. కెమెరా కన్ను కొద్దికొద్దిగా మూస్తూ పోతే, వెనక గోడ మీద అవ్వ ముడతలతో సహా తిరిగొచ్చింది. బొమ్మలమ్మ చివరి గీతలు గీసేదాకా తీశాను. అప్పుడు అవ్వ కుర్చీలోంచి లేచింది. "ఇగ కొట్టుండ్రి. నేను వీడియోకాక పెట్టెల బద్రంగున్న."

క్యాసెట్ చూసిన పెద్దమనిషి మాట నిలబెట్టుకున్నాడు. ప్రదర్శనకు నన్నూ రమ్మన్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. గోడలకు ఆ పిల్ల బొమ్మలు, ఒక మూల టీవీలో నా గద్వాల గోడ. పొద్దున్నుంచి ఆ టీవీ పక్కనే కావలి కాశాను. టై కట్టిన ఒకాయన వచ్చి చూసి, "కొంచెం డార్క్‌గా వచ్చింది, ఇంకాస్త లైటు పెట్టాల్సింది" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏంది సార్ పెట్టేది? మనిషి ఉన్నట్టు కనవడ్తే మీకేం నష్టం? ముందుగాల చెంప మీద ఎండ చూడాలె సార్! గది తెల్వకపోతే కెమెరా ముట్టద్దు!" అని చుట్టూ జనం మూగేదాకా పాఠం చెప్పాను. ఆయన "సారీ, సారీ" అంటూ వెనక్కి నడిచాడు.

తిరిగి చూస్తే బొమ్మలమ్మ. ఎప్పటినుంచి వింటోందో, రెండు చేతులూ జోడించి, "నమస్తే ఉస్తాద్! గింత మంచిగ ఎవరు నేర్పిన్రు నీకు?" అంది.

"సొంతంగ నేర్చుకున్న" అన్నాను, ముఖం పక్కకు తిప్పుకుంటూ. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ఆ ఇస్త్రీ చొక్కా ఉస్తాదు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఎవరు నేర్పారో ఆ రోజు ఆయన నోటితో చెప్పలేకపోయాడు గనుక, ఇప్పటి ముసలివాణ్ణి నేను, ఆయన బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.